200 బోర్డుల సరుకు: విదేశీ సరఫరాదారుని దేన్ని చూసి ఎంచుకోవాలి?

రాగిబాట

సభ్యులందరికీ నమస్కారం. శీతల గిడ్డంగుల్లో ఉష్ణోగ్రతను నిమిషానికొకసారి నమోదు చేసే చిన్న పరికరాన్ని ఏడాదిన్నరగా తయారు చేస్తున్నాను. ఇంతవరకు పదేసి, ఇరవయ్యేసి బోర్డులు మాత్రమే సొంతంగా సోల్డరింగ్ చేసి ఇస్తూ వచ్చాను కనుక విడిభాగాలు ఎక్కడ కొన్నా పెద్దగా తేడా తెలియలేదు. ఇప్పుడు మొదటిసారి ఒకేసారి 200 బోర్డులకు ఆర్డరు వచ్చింది. విడిభాగాల జాబితాలో మొత్తం 43 వరుసలున్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఎస్టీఎం32ఎఫ్103సీ8టీ6 మైక్రోకంట్రోలర్, ఒక వోల్టేజి రెగ్యులేటర్, ఉష్ణోగ్రత సెన్సర్, లిథియం సెల్లు, రెండు రకాల కనెక్టర్లు. మిగిలినవి కాల సంకేతమిచ్చే ఒక క్రిస్టల్, మామూలు రెసిస్టర్లు, కెపాసిటర్లు.

మూడు చోట్ల ధరలు అడిగాను. ఒకటి అందరికీ తెలిసిన పెద్ద డిస్ట్రిబ్యూటర్. రెండోది షెన్‌జెన్ నుంచి నడిచే కేటలాగు సైటు. మూడోది నేను అడగకుండానే ఈమెయిలు పంపిన ఒక విదేశీ ట్రేడింగ్ సంస్థ. ఆ మూడో సంస్థ 43 వరుసలనూ తానే సరఫరా చేస్తానని, మొదటివారికన్నా నలభై శాతం తక్కువకే ఇస్తానని అంటోంది. ఒకే చోట కొంటే ఒకే పార్సెల్, ఒకే ఇన్‌వాయిస్ కనుక పని తేలికవుతుందనిపిస్తోంది, కానీ మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు. మీరైతే దేన్ని చూసి నిర్ణయిస్తారు?

టంకంపొగ

రాగిబాట గారూ, మీరు మూడు ధరలను పక్కపక్కన పెట్టి పోలుస్తున్నారు గానీ, ఆ ముగ్గురూ ఒకే రకం వ్యాపారం చేసేవారు కాదు. కనుక ధరకన్నా ముందు, ఎవరి చేతిలోకి సరుకు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

మొదటి రకం అధీకృత డిస్ట్రిబ్యూటర్లు. డిజీకీ, మౌసర్, ఫార్నెల్, ఆర్ఎస్, ఏరో, ఎవ్నెట్ లాంటివారు తయారీదారుతో ఒప్పందం చేసుకుని, సరుకును నేరుగా ఫ్యాక్టరీ నుంచే తెప్పించుకుంటారు. ఒక భాగంలో లోపం బయటపడితే ఆ లాటు (ఒకేసారి తయారైన సరుకు) ఎవరెవరికి వెళ్లిందో వారు చెప్పగలరు, తయారీదారు కూడా ఆ ఫిర్యాదును స్వీకరిస్తాడు. అయితే ఒక సంస్థ ఒక బ్రాండుకు అధీకృతం అయినంత మాత్రాన అన్ని బ్రాండ్లకూ అయినట్టు కాదు. అందువల్ల అమ్మేవారి సైటులో ఉన్న లోగోలను నమ్మకుండా, చిప్పు తయారీదారు సొంత సైటులో 'ఎక్కడ కొనాలి' అన్న పేజీ తెరిచి, అక్కడి జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకోవాలి. రెండు నిమిషాల ఈ పనిని చాలామంది చేయరు. పెద్ద డిస్ట్రిబ్యూటర్ల సైట్లలో కూడా కొన్ని వరుసలను బయటి విక్రేతలు అమ్ముతుంటారు. అలాంటి వరుస కింద విక్రేత పేరు వేరుగా ఉంటుంది కనుక, సైటు బుట్టలో వేసే ముందు దాన్ని గమనించండి.

రెండో రకం స్వతంత్ర బ్రోకర్లు. మిగిలిపోయిన సరుకును, తయారీ ఆగిపోయిన చిప్పులను వెదికి తెచ్చి అమ్మేవారిలో నిజాయితీపరులు చాలామంది ఉన్నారు. 2021లో మైక్రోకంట్రోలర్ల కొరత వచ్చి, డిస్ట్రిబ్యూటర్లు 52 వారాల గడువు చెప్పిన రోజుల్లో ఎన్నో సంస్థలు వీరి వల్లనే నిలబడ్డాయి. కానీ వారి చేతికి సరుకు రావడానికి ముందు అది ఎన్ని చేతులు మారిందో చెప్పే కాగితం సాధారణంగా ఉండదు. అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీ 2012లో ఇచ్చిన నివేదికలో, సైనిక పరికరాల సరఫరాలో నకిలీవని అనుమానించిన భాగాలు సుమారు 1,800 సందర్భాల్లో కనిపించాయని, విడివిడిగా లెక్కిస్తే అవి పది లక్షలు దాటాయని తేల్చారు. అంత పరీక్షలు చేసే చోటనే ఆ పరిస్థితి ఉంటే, ఒంటరిగా పనిచేసే మనం కాగితం లేని సరుకును ఇంకెంత జాగ్రత్తగా చూడాలో ఆలోచించండి.

మూడో రకం, సరుకు చేతిలో లేకుండానే ఆర్డరు తీసుకుని, తర్వాత ఎక్కడ చవకగా దొరికితే అక్కడ కొని పంపేవారు. మీకు తానుగా ఈమెయిలు పంపిన సంస్థ ఈ కోవకు చెందినదేమోనని నా అనుమానం. 43 వరుసలూ, అదీ వేర్వేరు తయారీదారులవి, అడిగిన మరుక్షణమే 'స్టాకులో ఉన్నాయి' అని ఎవరైనా అంటే, ఏ వరుస ఏ గిడ్డంగిలో ఏ డేట్ కోడుతో (తయారైన వారాన్ని తెలిపే సంఖ్యతో) ఉందో చెప్పమని అడగండి.

మూడోకాలు

టంకంపొగ గారి మాటతో మైక్రోకంట్రోలర్ విషయంలో ఏకీభవిస్తాను గానీ, జాబితా మొత్తాన్ని అధీకృత డిస్ట్రిబ్యూటర్ దగ్గరే కొనాలన్న భావన పాఠకులకు కలగకూడదని రాస్తున్నాను. నాలుగేళ్లుగా రెసిస్టర్లు, సాధారణ డయోడ్లు, పిన్ హెడర్లు, ఎల్ఈడీలు చైనా కేటలాగు సైటు ఎల్‌సీఎస్‌సీలోనే కొంటున్నాను. యూనిరాయల్, యాగియో లాంటి తయారీదారుల రెసిస్టర్లు అక్కడ రీళ్లుగానే (భాగాలను టేపులో అమర్చి చుట్టిన చక్రాలుగా) దొరుకుతాయి. 0603 సైజు రెసిస్టర్ల రీలులో 5,000, 0402 సైజు రీలులో 10,000 వస్తాయి. 200 బోర్డులకు ఒక రీలు కొంటే మిగిలినది ఏళ్ల తరబడి పనికివస్తుంది. పైగా పది కిలోఓముల రెసిస్టర్ పది కిలోఓములే చూపిస్తోందో లేదో మల్టీమీటర్ పెడితే క్షణంలో తెలిసిపోతుంది. అలా తెలిసిపోయే వస్తువుకు ఎక్కువ ధర పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

చైనా నుంచి వచ్చిన సరుకంతా నకిలీ అని చాలామంది అనుకుంటారు, అది కూడా సరికాదు. అక్కడి తయారీదారులు తమ సొంత పేరుతో అమ్మే చిప్పులు ఎన్నో మంచివి ఉన్నాయి. ఒకరి పేరు మీద ఇంకొకరి వస్తువును అమ్మినప్పుడే అది నకిలీ అవుతుంది.

సరుకుచిట్టా

నేను ఒక తయారీ సంస్థ కొనుగోలు విభాగంలో పనిచేస్తాను. రాగిబాట గారు చెప్పిన 'నలభై శాతం తక్కువ' అన్నది ఎక్కడి ధరకు ఎక్కడి ధర అన్న ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

కొటేషన్‌లో ధర పక్కన మూడు అక్షరాల షరతు ఒకటి ఉంటుంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి 2020లో అమల్లోకి తెచ్చిన ఇన్‌కోటర్మ్స్ నియమాలు పదకొండు. వాటిలో ఈఎక్స్‌డబ్ల్యూ అని ఉంటే సరుకు అమ్మకందారు గుమ్మం దగ్గరే మీకు అప్పగించినట్టు, అక్కడి నుంచి రవాణా, ఎగుమతి కాగితాలు, దారిలో వచ్చే నష్టం అన్నీ మీవే. డీఏపీ అంటే మీ ఊరి దాకా తెచ్చే బాధ్యత వారిది, దిగుమతి సుంకం మీది. డీడీపీ అంటే సుంకం కూడా వారే కడతారు. డీడీపీ వినడానికి హాయిగా ఉంటుంది గానీ, కొందరు సరుకు విలువను తక్కువ చేసి చూపించి పంపుతారు. అప్పుడు దిగుమతి కాగితం మీ పేరున సరిగా ఉండదు, కట్టిన పన్నును తిరిగి లెక్కలో చూపుకోలేరు, కస్టమ్స్ వారు ప్రశ్నిస్తే జవాబు చెప్పవలసిందీ మీరే.

రవాణాలో బరువు లెక్క ఇంకొకటి. ఎక్స్‌ప్రెస్ కొరియర్లు అసలు బరువు, పరిమాణపు బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే పరిమాణపు బరువు కిలోల్లో వస్తుంది. 40, 40, 20 సెంటీమీటర్ల పెట్టెలో రెండు కిలోల రీళ్లే ఉన్నా మీరు 6.4 కిలోలకు చెల్లిస్తారు. ప్లాస్టిక్ రీళ్లు, కనెక్టర్లు తేలికగా ఉండి చోటు ఎక్కువ తీసుకుంటాయి కనుక ఈ తేడా ఎలక్ట్రానిక్ సరుకులో తరచుగా బయటపడుతుంది. రీలుకు బదులు కట్ టేప్ (కావలసినంత మేర కత్తిరించిన టేపు) అడిగితే పెట్టె చిన్నదవుతుంది, అయితే మీ బోర్డుల మీద యంత్రంతో భాగాలను అమర్చేవారు కట్ టేప్‌ను ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

ఇన్‌వాయిస్ మీద ప్రతి వరుసకూ హెచ్ఎస్ కోడు (కస్టమ్స్ వారు సరుకును వర్గీకరించే సంఖ్య) ఉండాలని పట్టుబట్టండి. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లకు 8542, డయోడ్లు, ట్రాన్సిస్టర్లకు 8541, కెపాసిటర్లకు 8532, రెసిస్టర్లకు 8533 శీర్షికలు ప్రపంచమంతటా ఒక్కటే. అన్నీ కలిపి 'ఎలక్ట్రానిక్ భాగాలు' అని ఒక్క వాక్యంలో రాసి పంపితే, సుంకం లేని వస్తువుకు కూడా సుంకం పడే అవకాశం ఉంది. 1996 నాటి సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరిన దేశాలు ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల మీద సుంకాన్ని ఎత్తివేశాయి గానీ, ఆ ప్రయోజనం కాగితం సరిగా ఉన్నవారికే అందుతుంది.

లిథియం సెల్లను ఈ పార్సెల్లో కలపవద్దు. విడిగా ప్యాక్ చేసిన లిథియం అయాన్ సెల్లను యూఎన్3480 కింద ప్రమాదకర సరుకుగా లెక్కిస్తారు. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో వాటిని సరుకుగా తీసుకెళ్లడం నిషిద్ధం, సరుకు విమానంలో పంపేటప్పుడు కూడా చార్జి 30 శాతం మించకూడదు. లిథియం సెల్ల రవాణా భద్రతకు చేసే యూఎన్38.3 పరీక్ష సారాంశం ఇవ్వలేని విక్రేత దగ్గర సెల్లు కొనకండి. సెల్ల కోసం మొత్తం పార్సెల్ ఆగిపోవడం రెండుసార్లు చూశాను.

రాగిబాట

అందరికీ కృతజ్ఞతలు. కొటేషన్ తెరిచి చూస్తే ఆ ట్రేడింగ్ సంస్థ ధర ఈఎక్స్‌డబ్ల్యూ అనే ఉంది, పెద్ద డిస్ట్రిబ్యూటర్ ధర డీడీపీ. రవాణా, సుంకం కలిపి లెక్క వేస్తే నలభై శాతం తేడా కాస్తా పద్దెనిమిది శాతానికి దిగింది. ఇది నాకు అసలు తట్టని విషయం.

డేట్ కోడు అడిగితే ఆ సంస్థ మైక్రోకంట్రోలర్ రీలు ఫొటోలు రెండు పంపింది. లేబులు స్పష్టంగానే ఉంది, చిప్పుల మీది అక్షరాలు కూడా శుభ్రంగా కనిపిస్తున్నాయి. డబ్బు కడితే అయిదు నమూనాలు పంపుతామన్నారు. ఫొటో చూసి, నమూనా పరీక్షించి అసలుదో నకిలీదో తేల్చుకోవచ్చా?

భూతద్దం

కొంతవరకు తేల్చుకోవచ్చు. ఎంతవరకో వివరంగా చెబుతాను, ఎందుకంటే నా పని ప్రధానంగా వచ్చిన సరుకును తనిఖీ చేయడమే.

ముందు ఫొటో సంగతి. ఆ ఫొటోలోని రీలు మీకు వచ్చే రీలే అని ఏ ఆధారమూ లేదు, ఒకే ఫొటో పదిమందికి పంపేవారున్నారు. ఒక కాగితం మీద మీ ఆర్డరు సంఖ్య, ఆ రోజు తేదీ చేత్తో రాసి, దాన్ని రీలు పక్కన పెట్టి మళ్లీ ఫొటో తీయమని అడగండి. లేబులు మీద పార్ట్ నంబరు చివరి అక్షరాల వరకు మీరు అడిగినదే కావాలి. మీ చిప్పు పేరులో సీ అంటే 48 పిన్నులు, 8 అంటే 64 కిలోబైట్ల ఫ్లాష్, టీ అంటే ఎల్‌క్యూఎఫ్‌పీ ప్యాకేజి, 6 అంటే మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు పనిచేసే రకం. రీలు రూపంలో అయితే చివర టీఆర్ అని ఉంటుంది. చాలామంది తయారీదారులు లేబులు మీద డేట్ కోడును నాలుగు అంకెల్లో వేస్తారు, 2318 అంటే 2023లో 18వ వారం. ఆ వారం, చిప్పు మీద ముద్రించిన సంవత్సరం, వారం ఒకదానికొకటి పొసగాలి.

నమూనా చేతికి వచ్చాక పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కింద, వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి చూడండి. పాత అక్షరాలను అరగదీసి, పైన నల్లటి పూత పూసి, కొత్త పేరు వేసిన చిప్పుకు పైభాగం ఒక గరుకుతనంతో, పక్క అంచులు ఇంకొక గరుకుతనంతో కనిపిస్తాయి. మొదటి పిన్నును గుర్తించే గుండ్రటి గుంట అడుగు అసలు చిప్పులో నునుపుగా ఉంటుంది, పూత పూసినదానిలో గుంట సగం పూడి అంచు చెదిరి ఉంటుంది. దూదిపుల్లను ఎసిటోన్‌లో ముంచి రుద్దితే పాతకాలపు పూత నల్లగా దూదికి అంటుకుంటుంది. కొత్త రకం పూతలు ఎసిటోన్‌కు లొంగవు కనుక, దూది తెల్లగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. కాళ్ల మీద సన్నటి గీతలు, కొసల్లో పాత సోల్డర్ మెరుపు కనిపిస్తే ఆ చిప్పు ఏదో పాత బోర్డు నుంచి ఊడదీసినదని అర్థం.

తర్వాత విద్యుత్ పరీక్ష. మీ మైక్రోకంట్రోలర్‌ను డీబగ్గరుకు (చిప్పు లోపలి వివరాలను చదివే పరికరానికి) కలిపితే అసలుది 0ఎక్స్1బీఏ01477 అన్న గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. కొన్ని అనుకరణ చిప్పులు 0ఎక్స్2బీఏ01477 అని చూపించి అక్కడే దొరికిపోయాయి. ఇదే చిప్పుతో చవకగా దొరికే బ్లూ పిల్ బోర్డులు కొన్నవారిలో చాలామందికి ఇది అనుభవమే.

ఒకసారి ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ మాస్ఫెట్లు (విద్యుత్ స్విచ్చులుగా వాడే ట్రాన్సిస్టర్లు) వంద వచ్చాయి, అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. గేటుకు 10 వోల్టులిచ్చి ఒక ఆంపియరు పంపితే డ్రెయిన్, సోర్సు మధ్య 43 మిల్లీవోల్టులు చూపించింది. డేటాషీటు ప్రకారం నిరోధం 17.5 మిల్లీఓములు దాటకూడదు కనుక అక్కడ 17.5 మిల్లీవోల్టులకు మించి రాకూడదు. ఒకదాన్ని పగలగొట్టి చూస్తే లోపల ఉన్న సిలికాన్ ముక్క, మా దగ్గరున్న అసలుదానిలోని ముక్కలో సగం కూడా లేదు. తక్కువ కరెంటులో అది చక్కగా పనిచేసేది, నిండు భారం పడిన రోజున కాలిపోయేది.

తేమ విషయం కూడా మరవకండి. తేమ సున్నితత్వం మూడో స్థాయి ఉన్న చిప్పులను సీలు తెరిచాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని చోట 168 గంటల్లోపు బోర్డు మీద అతికించాలి. సీలు లేని సంచిలో, తేమ సూచించే కార్డు లేకుండా వచ్చిన చిప్పులు అసలువే అయినా, సోల్డర్‌ను కరిగించే రిఫ్లో ఓవెన్‌లో లోపలి తేమ ఆవిరై ప్యాకేజి పగిలే ప్రమాదం ఉంది.

మూడోకాలు

భూతద్దం గారి పోస్టు దాచుకోదగ్గది. ఒక్కటే జోడిస్తాను. మీ పరికరంలో యూఎస్‌బీ చిప్పు ఉంటే 2014 అక్టోబరు సంగతి గుర్తుంచుకోండి. అప్పుడు ఎఫ్‌టీడీఐ సంస్థ విడుదల చేసిన డ్రైవరు విండోస్ అప్‌డేట్ ద్వారా కంప్యూటర్లలోకి వెళ్లి, నకిలీ ఎఫ్‌టీ232 చిప్పుల గుర్తింపు సంఖ్యను సున్నాగా మార్చివేయడంతో అవి ఉన్న పరికరాలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఆ పరికరాలు తయారుచేసినవారిలో చాలామందికి తాము నకిలీ చిప్పులు కొన్నామన్న సంగతే తెలియదు. వచ్చిన రోజున అన్ని పరీక్షలూ నెగ్గిన భాగం కూడా రెండేళ్ల తర్వాత మనల్ని వినియోగదారుల ముందు దోషిగా నిలబెట్టగలదు. చవక రెసిస్టర్ల విషయంలో నా మాట మార్చుకోవడం లేదు గానీ, చిప్పుల విషయంలో టంకంపొగ గారి పక్షానికే వస్తున్నాను.

టంకంపొగ

మూడోకాలు గారు మొదట చెప్పిన మాటలోనే అసలు సూత్రం ఉంది. 'మల్టీమీటర్ పెడితే తెలిసిపోతుంది' అన్నారు. ఆ మాటను జాబితాలోని ప్రతి వరుసకూ వర్తింపజేసి చూడండి. సరుకు వచ్చిన రోజున మన బల్ల మీద మన పరికరాలతో తప్పు తెలిసిపోయే వస్తువును ఎవరి దగ్గర కొన్నా పరవాలేదు. తప్పు ఆ రోజున తెలియని వస్తువును మాత్రం మూలం తెలిసిన చోటే కొనాలి. అందువల్ల సరఫరాదారుని ఎంపిక జాబితా మొత్తానికి ఒకసారి చేసేది కాదు, ఒక్కొక్క వరుసకు చేసేది.

ఈ లెక్కలో ఖరీదుకూ ప్రాముఖ్యానికీ సంబంధం ఉండదు. సిరామిక్ కెపాసిటర్ చాలా చవక వస్తువు. కానీ 10 మైక్రోఫారడ్లు, 6.3 వోల్టులు అని రాసిన 0603 సైజు ఎక్స్5ఆర్ కెపాసిటర్ మీద 5 వోల్టులు పెడితే దాని విలువ సగానికి పైగా పడిపోవచ్చు. ఎంత పడిపోతుందన్నది తయారీదారుని బట్టి మారుతుంది. వోల్టేజి లేకుండా మీటరుతో కొలిస్తే మంచిదీ చెడ్డదీ రెండూ 10 మైక్రోఫారడ్లే చూపిస్తాయి. మీ రెగ్యులేటర్ స్థిరంగా పనిచేయడం ఆ కెపాసిటర్ మీదే ఆధారపడి ఉంటే, అది చవక వస్తువు కాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ కూడా ఇంతే. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని తొడుగు మీద ముద్రించడం ఎవరికైనా సాధ్యమే, దాని ఆయుష్షును మాత్రం కొన్న రోజున ఎవరూ కొలవలేరు. కనెక్టర్ల పూత మందం, క్రిస్టల్ కాలక్రమంలో తప్పే తీరు కూడా ఈ కోవలోనివే.

రాగిబాట గారి పరికరం గిడ్డంగిలో ఉష్ణోగ్రతను నమోదు చేసేది. సెన్సర్ అర డిగ్రీ తప్పు చూపితే ఎవరూ గమనించరు, కానీ లోపలున్న సరుకు నిలవ ఉంచే నిర్ణయం ఆ అంకె మీదే జరుగుతుంది. అందుకే మైక్రోకంట్రోలర్ కన్నా ముందు సెన్సర్ గురించి ఆలోచించమని నా విన్నపం.

చిన్నబల్ల

నేను అభిరుచి కొద్దీ పదేసి ముక్కలు మాత్రమే కొనేవాడిని. నాకూ ఇంత వడపోత అవసరమా?

మూడోకాలు

చిన్నబల్ల గారూ, నేర్చుకోవడానికి చేసే బోర్డుకు అంత అవసరం లేదు. కాకపోతే మెయిన్స్ విద్యుత్తును తాకే ఫ్యూజు, ఆప్టోకప్లర్, వై రకం కెపాసిటర్, రిలేలను మాత్రం ఒక్క ముక్క కొన్నా అధీకృత విక్రేత దగ్గరే కొనండి. అవి చెడితే పాడయ్యేది బోర్డు మాత్రమే కాదు.

సరుకుచిట్టా

చెల్లింపు గురించి కూడా ఇక్కడే రాస్తాను. ట్రేడింగ్ సంస్థలు సాధారణంగా 30 శాతం ముందు, 70 శాతం సరుకు పంపే ముందు అడుగుతాయి. మొదటి ఆర్డరుకు ఈ పద్ధతిలో నష్టభయమంతా కొనేవారి మీదే ఉంటుంది. సరుకు చేరాకే విక్రేతకు డబ్బు విడుదలయ్యే ఎస్క్రో పద్ధతి గానీ, ఫిర్యాదు చేసుకునే వీలున్న కార్డు చెల్లింపు గానీ అడగండి. ఆ రెండింటికీ ఒప్పుకోని సంస్థతో నేనైతే ముందుకు వెళ్లను.

మా సంస్థకు జరిగిన నష్టం ఒకటి చెబుతాను. రెండేళ్లుగా సరుకు ఇస్తున్న విక్రేత ఈమెయిలు నుంచే 'మా బ్యాంకు ఖాతా మారింది' అన్న సందేశం వచ్చింది. ఇన్‌వాయిస్ నమూనా, సంతకం, మునుపటి సంభాషణ అన్నీ యథాతథంగా ఉన్నాయి. డబ్బు పంపిన పదకొండు రోజులకు విక్రేత ఫోను చేసి ఇంకా డబ్బు అందలేదన్నప్పుడు గానీ వారి ఈమెయిలులోకి ఎవరో చొరబడ్డారని తెలియలేదు. ఆ మొత్తం తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఖాతా వివరాల్లో ఒక్క అక్షరం మారినా, ఈమెయిలులో ఇచ్చిన నంబరుకు కాకుండా మా దగ్గర ముందే ఉన్న నంబరుకు ఫోను చేసి, మాట విన్న తర్వాతే పంపుతున్నాం. ఖాతాదారు పేరు, ఇన్‌వాయిస్ మీది సంస్థ పేరు ఒకటి కాకపోతే ఆ చెల్లింపును అక్కడే ఆపుతున్నాం.

రాగిబాట

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

ట్రేడింగ్ సంస్థ నుంచి అయిదు నమూనాలు వచ్చాయి. భూతద్దం గారు చెప్పినట్టు పక్క వెలుతురులో చూశాను, గుంట అడుగు నునుపుగా ఉంది, ఎసిటోన్‌కు దూది తెల్లగానే ఉంది. డీబగ్గరు 0ఎక్స్1బీఏ01477 అనే చూపించింది. 64 కిలోబైట్లూ రాసి చదివాను, అన్నీ సరిపోయాయి. ఆ అయిదు చిప్పులూ అసలువేనని నమ్ముతున్నాను. ఆ రోజు నిజంగా ఆర్డరు పెట్టేయబోయాను.

పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడిగాను: నాకు పంపబోయే 200 చిప్పులూ ఈ నమూనాల లాటులోవేనా, ఆ లాటు కోడును ఇన్‌వాయిస్ మీద రాసి ఇస్తారా? 'సరుకు పంపే రోజున గానీ లాటు తెలియదు, నాణ్యత మాత్రం ఇదే' అని జవాబు వచ్చింది. అంటే నేను పరీక్షించినవి ఆ అయిదింటినే తప్ప, కొనబోయే 200ను కాదు. టంకంపొగ గారు చెప్పిన మూడో రకం అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది.

చివరికి 43 వరుసలను కూర్చుని విడదీశాను. మైక్రోకంట్రోలర్, సెన్సర్, రెగ్యులేటర్, దాని పక్కనుండే మూడు కెపాసిటర్లు, క్రిస్టల్, కనెక్టర్లు కలిపి తొమ్మిది వరుసలు పెద్ద డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొన్నాను. సెన్సర్ తయారీదారు సైటులో ఆ డిస్ట్రిబ్యూటర్ పేరు ఉందో లేదో చూసుకున్నాకే కొన్నాను. 33 వరుసలు కేటలాగు సైటులో తీసుకున్నాను. సెల్లను యూఎన్38.3 సారాంశం చూపించిన వేరే విక్రేత దగ్గర విడిగా ఆర్డరు చేశాను. రవాణా, సుంకం కలుపుకుంటే మొత్తం ఖర్చు ట్రేడింగ్ సంస్థ కొటేషన్ కన్నా ఆరు శాతం ఎక్కువైంది. మూడు పార్సెళ్లు, మూడు ఇన్‌వాయిస్‌లు, రెండు రోజుల అదనపు పని. నిన్న మొదటి పార్సెల్ వచ్చింది, సంచి సీలు చెక్కుచెదరలేదు.

భూతద్దం

సంతోషం, రాగిబాట గారూ. సీలు తెరిచే ముందు ప్రతి సంచి లేబులునూ ఫొటో తీసి, ఏ లాటు ఏ బోర్డు సంఖ్య నుంచి ఏ బోర్డు సంఖ్య దాకా వాడారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఏడాది తర్వాత ఒక గిడ్డంగి నుంచి ఫిర్యాదు వస్తే, 200 బోర్డులనూ వెనక్కి పిలవాలా, ముప్ఫై పిలిస్తే చాలునా అన్నది ఆ పుస్తకంలోనే తెలుస్తుంది. తెరిచాక తేమ కార్డు చుక్కలు ఏ రంగులో ఉన్నాయో కూడా ఇక్కడ రాయగలరా?

రాగిబాట

ఇప్పుడే తెరిచాను. మూడు చుక్కలూ నీలంగానే ఉన్నాయి, అంటే లోపలికి తేమ చేరలేదు. తెరిచిన సమయం సంచి మీద రాశాను, 168 గంటలు అప్పటి నుంచి లెక్కపెడుతున్నాను.